డాబా మీద ఉపగ్రహం

ఊరూ కొత్త, ఉద్యోగమూ కొత్త అయిన ఆ రోజుల్లో నేను నోరు విప్పేదే తక్కువ. విప్పినా, అబిడ్స్‌లోని మా కొరియర్ ఆఫీసులో "పిన్‌కోడ్ రాయండి సార్" అనడానికే. ఆరింటికి నాంపల్లిలోని కిరాయి గదికి చేరితే ఆ మాట కూడా ఉండేది కాదు. ఇంటావిడను పెద్దమ్మగారూ అనేవాణ్ని. దీపాలు పెట్టే వేళ చుట్టుపక్కల ఆడవాళ్లు ఆరిన బట్టలు తీసుకుంటారు కాబట్టి బ్రహ్మచారులు డాబా ఎక్కకూడదని ఆవిడ రూలు. నేను ఎక్కాను. మనుషులుండే అంతరిక్ష కేంద్రం ఆ సాయంత్రం మా మీదుగా వెళ్తుందని ఫోన్‌లో యాప్ చెప్పింది మరి. మినుకుమనకుండా, చప్పుడు లేకుండా పోతున్న ఆ చుక్కను చూస్తే దిగులేసింది. అందులోని వాళ్లూ ఇంటికి దూరంగా, ఇరుకు గదిలో, అచ్చం నాలాగే (వాళ్లకు ఇంటి ఓనరు లేరు, అంతే తేడా). నాకు తెలియకుండానే చెయ్యి ఊపాను.

మర్నాడు పొద్దున్నే పిలుపు. "ఏంది బాబూ, ఎదురు డాబా మీది పిల్లకు చెయ్యి ఊపుతున్నవంట?"

"పిల్లకు కాదండీ పెద్దమ్మగారూ, ఉపగ్రహానికి."

కిరాయిదార్ల అబద్ధాలు ఎన్నో విన్న మనిషి, ఇది మాత్రం వినలేదనుకుంటాను. "గట్లనా? అయితే నాకూ చూపెట్టు. కనవడకుంటే గది ఖాళీ చెయ్."

ఆ సాయంత్రం ఆవిడ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. యాప్ చెప్పిన టైం అయింది. ఆకాశంలో ఏమీ లేదు. సామాను సర్దుకుని ఏ అఫ్జల్‌గంజ్ లాడ్జికి పోవాలా అని ఆలోచిస్తున్నాను. అది ఉదయించే వైపు నాలుగంతస్తుల బిల్డింగు అడ్డముందని ఈ ఖగోళ పండితుడికి తట్టలేదు! రెండు నిమిషాలకు దాని పిట్టగోడ మీంచి చుక్క లేచింది. ఆవిడ అది మాయమయ్యేదాకా చూసింది.

"గంత చిన్నదాంట్ల మనుషులున్నరా? తిన్నరో లేదో," అని తనూ చెయ్యి ఊపింది. ఆవిడ ఒక్కతే వండుకుని ఒక్కతే తింటుందని అప్పుడు గుర్తొచ్చింది.

అప్పట్నించి రోజూ అడిగేది, "ఇయ్యాల వస్తదా?" అని. రాదంటే కిందికి దిగిపోతుంది, నేను మళ్లీ ఒంటరి. అందుకని రాని రోజుల్లో శంషాబాద్ నుంచి లేచిన విమానాన్ని చూపించి "అదిగో" అనేవాణ్ని. ఇద్దరం భక్తిగా చేతులు ఊపేవాళ్లం.

నాకు బదిలీ అయి గది ఖాళీ చేసిన రోజు ఆవిడ నవ్వింది. "ఎర్రలైటు కొట్టుకునేది విమానమని నాకు తెల్వదా బాబూ?"

"మరి అప్పుడే అనలేదేమండీ?"

"అంటే మల్ల చూపెడుతుంటివా?"

ఆవిడ ఇప్పుడు లేదు. తిరిగొచ్చి హిమాయత్‌నగర్‌లో ఉంటున్నాను. బాల్కనీలోంచి విమానం కనిపిస్తే ఈ వయసులోనూ చెయ్యి దానంతట అదే లేస్తుంది. ఎదురింటివాళ్లు కిటికీ వేసుకుంటారు.