ఎనిమిది రోజుల చీర

పెళ్లయి గద్వాలకు వచ్చిన మొదటి వారంలోనే మా అత్త నన్ను మగ్గం దగ్గర కూర్చోబెట్టి ఒక మాట చెప్పింది. "చీరకు ఎన్ని దినాలు వడ్తది అని ఎవరడిగినా ఎనిమిది అని చెప్పు. సేటు అడిగినా ఎనిమిదే. మీ అమ్మగారింటోళ్లు అడిగినా ఎనిమిదే. నిద్రల లేపి అడిగినా ఎనిమిదే." నాకు నవ్వొచ్చింది. వనపర్తి హాస్టల్లో ఉండి ఇంటర్ పాసైనదాన్ని, నాకు అంకెలు నేర్పిస్తోందే ఈమె అనుకున్నాను. అప్పుడు నవ్విన నోటిని ఇప్పుడు పట్టుకొని కొట్టాలనిపిస్తుంది.

అసలు సంగతి, చీర ఆరు రోజుల్లో అయిపోతుంది. అన్నీ సవ్యంగా ఉంటే. మా చీరకు ఒంటి నిండా నూలు, అంచులకు పట్టు. నేసే ప్రతి వరుసలోనూ నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదాంట్లో ఒకటి మెలివేయాలి. మగ్గం మీది మగమనిషి చెయ్యి అటువైపు అంచుకు అందదు. అక్కడ ఇంకో మనిషి కూర్చుని, పోగు మోసుకొచ్చే నాడె అందుకోవాలి, మెలివెయ్యాలి, మళ్లీ తిప్పి పంపాలి. ఆ రెండో మనిషి మా వీధిలో ఎప్పుడూ ఆడమనిషే. నూలు ఇచ్చి నేయించుకునే సేటు కూలి ఇచ్చేది మగ్గానికి గాని మనుషులకు కాదు, కాబట్టి ఆ రెండో మనిషి ఆయన దృష్టిలో అసలు లేనే లేదు.

కాని ఆమెకు జ్వరం వస్తే మగ్గం ఆగిపోతుంది. కడుపునొప్పి వస్తే ఆగిపోతుంది. చంటిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే ఆగిపోతుంది. అందుకని ఎప్పుడో ఏ ముసలమ్మ మొదలుపెట్టిందో తెలియదు, వీధి వీధంతా ఆరుకు రెండు కలిపి ఎనిమిది అనడం నేర్చుకుంది. ఆ రెండు రోజులు ఆడవాళ్లవి. ఆ మాట ఎవరూ పైకి అనరు. పని ముందే అయిపోయినా సరే, నాలుగు వేళ్ల నేత మిగిల్చి మగ్గం మీద గుడ్డ కప్పేస్తారు. ఎనిమిదో రోజు ఆ నాలుగు వేళ్లూ నేసి చీర కోస్తారు. తాగుబోతు మగవాడు కూడా ఈ సంగతి బయట నోరు జారడు. అంత కట్టడి.

గద్వాలలో నన్ను చెల్లె అని పిలిచేవాళ్లు ఇద్దరే ఉండేవాళ్లు. ఒకరు మా పక్కింటి అక్క. నేను వచ్చిన కొత్తలో మెలిక వెయ్యడం నేర్పింది ఆమే. మా పుట్టినూరు అమరచింతలోనూ మగ్గాలున్నాయి గాని ఈ రెండంచుల పని నాకు కొత్త. పోగు తెగితే మా అత్త తిట్టేది, అక్క మాత్రం గోడ మీదుగా చూసి, "ఆగు చెల్లె, నేనొస్త" అని వచ్చి ముడివేసి పోయేది. ఆమెకు రెండుసార్లు కడుపు నిలవలేదు. పెళ్లయిన ఏడేళ్లకు మూడోసారి నెల తప్పింది. భార్యాభర్తలు బీచుపల్లి పోయి అంజన్నకు మొక్కుకొని వచ్చారు. దవాఖానలో నర్సమ్మ, కాళ్లు మగ్గం గుంతలో పెట్టి గంటలు గంటలు వంగి కూర్చోవద్దని గట్టిగా చెప్పింది. మానడానికి కుదరదు, ఆ ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. కాబట్టి అక్క ఒక పూట కూర్చుని ఒక పూట పడుకునేది. ఆ పడుకునే పూటలన్నీ ఆ రెండు రోజుల్లోంచి వచ్చినవే.

చెల్లె అని పిలిచే ఇంకొకరు సేటు. ఆయనదీ మా అమరచింతే. మా నాన్నకు తెలిసిన ఇంటివాళ్లు. నన్ను మొదటిసారి చూసినప్పుడే, "అరే, మా ఊరి ఆడపిల్ల! నీకిక్కడ అన్న ఉన్నడనుకో" అన్నాడు. పండక్కి రవికె గుడ్డ పెట్టేవాడు. నూలు తేవడానికి మా ఆయనతో పోతే, "ముందు చాయ్ తాగు చెల్లె, నూలు యాడికి పోతది" అనేవాడు. పుట్టింటికి దూరంగా ఉన్నదానికి ఆ ఒక్క మాట చాలు. నేను నిజంగానే అన్న అనుకున్నాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

రెండువేల ఎనిమిదో తొమ్మిదో అయ్యుంటుంది. బస్టాండు దగ్గర నెట్ సెంటర్లు తెరిచారు. ఒకరోజు సేటు మా ఇంటికే వచ్చి కూర్చున్నాడు. "చెల్లె, నీ సదువు పొయ్యికాడ పడి ఖరాబయితున్నది. చిన్న యాపారం చేసేటోళ్లకు, పనోళ్లకు కంప్యూటర్ల కోర్సు వచ్చింది. ఆరు వారాలు. ఫీజు నేను కడ్త. నువ్వు నేర్చుకో, రేపు నీ చీర నువ్వే అమ్ముకుందువు" అన్నాడు. మా అత్త కండెలు చుడుతూనే, "మాకెందుకు సేటూ గవన్నీ" అంది. నేను ఆమె మాట పూర్తి కానివ్వలేదు. పోతానని లేచి నిలబడ్డాను.

నెట్ సెంటర్లో నాకు మెయిలు తీసిచ్చింది కూడా ఆయనే. పాస్‌వర్డ్ మా ఊరి పేరు పెట్టాడు. "మర్చిపోవు గదా చెల్లె" అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఆలోచించాడే నా గురించి, అని! ఆ తాళంచెవి ఆయన దగ్గర కూడా ఉందన్న ధ్యాస నాకు లేనే లేదు.

కోర్సు బాగుండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి. వారానికి ఒక పాఠం మెయిలుకు ఇంగ్లీషులో వచ్చేది. సగం అర్థమయ్యేది, సగం ఊహించుకునేదాన్ని. జవాబు తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే ఒప్పుకునేవాళ్లు. మొదటి వారం కొన్నవాళ్లతో ఎట్లా మాట్లాడాలి. రెండో వారం సరుకు ఫొటో ఎట్లా తీయాలి. హైదరాబాదు నుంచి ఎవరో మేడం నా జవాబు కింద 'చాలా బాగుంది' అని రాసేది. ఆ రెండు మాటలకు నేను బస్టాండు నుంచి ఇంటిదాకా ఎండలో చెప్పుల్లేకుండా కూడా నడిచేదాన్నేమో. మగ్గం దగ్గర ఎంత నేసినా బాగుందన్నవాళ్లు లేరు మరి.

నాలుగో వారం పాఠం, పనిలో సమయం ఎక్కడ పోతోంది అని. మొదటినుంచి చివరిదాకా రోజువారీగా రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాస్తేనే ఉపయోగం అని కూడా ఉంది. నేను రాశాను. రెండు గంటలు కూర్చుని, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి రాశాను. చీర ఆరు రోజుల్లో అవుతుందని రాశాను. సేటుకు ఎనిమిది చెబుతామని రాశాను. నాలుగు వేళ్ల నేత సంగతి రాశాను. ఎందుకట్లా అని మేడం అడగకముందే చెబుదామని, మా పక్కింట్లో ఒక అక్క ఉంది, ఏడో నెల, ఆమె పడుకోవడానికే ఆ రోజులు అని కూడా రాశాను. పేరు రాయలేదు. అదొక్కటే నేను చేసిన తెలివైన పని, అది కూడా దేనికీ పనికిరాలేదు.

మేడం పూర్తి మార్కులు వేసింది. కింద ఒక మాట రాసింది. సరిగ్గా ప్లాను చేసుకుంటే ఇక్కడ ప్రతి చీరకు రెండు రోజులు మిగులుతాయి అని. ఆమె తప్పు లేదు. ఆమె మగ్గం చూసి ఉండదు. నేను మార్కులు చూసుకుని మురిసిపోయాను. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను కూడా. "మంచిగ రాసినవా?" అన్నాడు. "ఫస్టు" అన్నాను. ఏం రాశావని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాతి వారం పడుగులు, అంటే నేతకు నిలువు పోగులు, పంచే రోజు. సేటు ఇంటి వరండాలో పాతిక మందిదాకా ఉన్నారు. నేనూ మా ఆయన వెంట పోయాను. సేటు చేతిలో రెండు కాగితాలున్నాయి, నెట్ సెంటర్లో ప్రింటు తీయించినవి. "అందరూ జర ఇనుండ్రి" అని చదవడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యం దగ్గరే గుర్తుపట్టాను. నా మాటలు. నేను రాసిన తప్పులతో సహా నావే. ఆరు రోజులు, ఎనిమిది రోజులు, నాలుగు వేళ్లు, గుడ్డ కప్పడం. అక్క సంగతి కూడా వదల్లేదు మహానుభావుడు. అక్క భర్త నా ముందే నిలబడి ఉన్నాడు. ఆయన తల మెల్లగా కిందికి దిగిపోయింది.

చదివి, కాగితాలు మడిచి, సేటు నవ్వాడు. "ఇన్నేండ్ల సంది నన్ను ఎడ్డోన్ని చేసిండ్రు గదరా. పోనీ, అయిందేదో అయింది. ఈ పడుగు నుంచి చీరకు ఆరు దినాలు. ఆలస్యమైతే తర్వాతి పడుగు ఇంకోరికి పోతది. మా చెల్లె సదువుకున్నది కాబట్టి నిజం రాసింది. మీ అందరి కన్నా నయం." నన్ను పొగిడాడు! పాతిక మంది ముందు నన్ను చెల్లె అంటూ మెచ్చుకున్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిడితే కనీసం నేను వాళ్లవైపు మనిషిననైనా అనుకునేవాళ్లు.

ఇంటి గడప దగ్గర మా ఆయన, "రాసే ముందు నన్నొక మాట అడగకపోతివి" అన్నాడు. మా అత్త సంగతి విని, మగ్గం మీది గుడ్డ తీసి మడిచి లోపల పెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే సేటు ఇంటికి పోయాను. "నా మెయిలు ఎట్ల చూసినవన్నా?" అన్నాను. ఆయనకు ఆశ్చర్యం వేసింది. నిజంగానే వేసింది, అదే నాకు ఇంకా మంట. "పాస్‌వర్డ్ పెట్టింది నేనే గద? ఫీజు కట్టింది నేనే గద? ఇందుల దొంగతనం ఏముంది చెల్లె?" అన్నాడు.

"నన్ను చదివిపిస్తా అంటివి. నా నోటితోనే మావోళ్ల కడుపు కొట్టిపిస్తివి."

"నేను నిన్ను ఒక్క మాట అడిగిన్నా? నువ్వే రాసినవు. అబద్ధమైతే చెప్పు, అందరిని పిలిచి కాగితం చింపేస్త."

అబద్ధం అని ఎట్లా చెప్పను? చెప్పినా నమ్మేది ఎవరు? చివరికి సిగ్గు విడిచి అడిగాను. "అందరికీ కాకపోయినా ఆ ఒక్క ఇంటికి ఎనిమిది దినాలు ఉంచు అన్నా. కాన్పయ్యేదాకనే. రెండుసార్లు పోగొట్టుకున్నది. నీకు పుణ్యముంటది." ఆయన "ఒక్కింటికి ఇస్తే అందరి ఇండ్లల్ల గర్భాలే ఉంటయి" అని నవ్వాడు. లోపల్నుంచి వాళ్లావిడ వచ్చి నాకు బొట్టు పెట్టింది, చాయ్ ఇచ్చింది. కోర్సు ఇంకా రెండు వారాలుందని, మానొద్దని సేటు చెప్పి పంపాడు. నేను మళ్లీ ఆ నెట్ సెంటర్ గడప తొక్కలేదు. సర్టిఫికెట్ వచ్చిందో లేదో, వస్తే ఎక్కడుందో నాకు తెలియదు.

అక్కడి నుంచి నేరుగా అక్క ఇంటికి పోయాను. అక్క మగ్గం దగ్గర, కాళ్లు గుంతలో పెట్టుకొని, ఒక చెయ్యి నడుము మీద వేసుకొని కూర్చుని ఉంది. ముఖం పాలిపోయింది. "అక్కా లే, నేను కూసుంట" అన్నాను. నా వైపు చూడలేదు. మళ్లీ అన్నాను. ఆమె భర్త నాడె ఆపేసి, "లే, ఆమెనే కూసోనీ" అన్నాడు. అక్క లేచి, గోడ పట్టుకొని పోయి మంచం మీద అటు తిరిగి పడుకుంది.

అట్లా రెండు నెలలు. పొద్దున వంట చేసి పోయేదాన్ని, దీపాలు పెట్టే వేళకు వచ్చేదాన్ని. మా మగ్గం మీద నా చోట మా అత్త కూర్చుంది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్లు వంగవు. మొదటిరోజు కూర్చుంటూ, "నీ సదువు సల్లగుండ, నా మోకాళ్లకు తెచ్చినవు" అంది. ఆమె చేతులు మెల్లగా ఆడేవి కాబట్టి మా చీరలు ఏడు రోజులూ ఎనిమిది రోజులూ పట్టేవి. మూడో చీరకు సేటు మా పడుగు ఇంకో ఇంటికి ఇచ్చేశాడు. మా ఆయన వేరే సేటు దగ్గర ఖాళీ కోసం తిరిగాడు. చెల్లె ఇల్లు కదా అని మాత్రం సేటు ఆగలేదు.

అక్క ఇంట్లో నాకు మంచినీళ్లు ఇచ్చేవాళ్లు, మధ్యాహ్నం ఇంత రొట్టె పెట్టేవాళ్లు. ఇచ్చేది ఆమె భర్తే. అక్క మాట్లాడలేదు. పోగు తెగితే మంచం మీంచి కళ్లతోనే చూసేది. నేను ముడివేస్తుంటే కళ్లు మూసుకునేది. క్షమించమని నాలుగైదుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ నోటిని నేనే నమ్మని రోజులవి, మింగేశాను.

ఆడపిల్ల పుట్టింది. దవాఖానలో, ఏ ఇబ్బందీ లేకుండా. ఆ కబురు విని మగ్గం దగ్గరే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. వాళ్లు ఇంటికి వచ్చిన రోజుకు నేను ఆఖరి చీర చివరి వరుసల్లో ఉన్నాను. అక్క మంచం మీద ఒత్తిగిలి బిడ్డకు పాలిస్తోంది. నేను ఆమె భర్తతో కలిసి నేత పూర్తి చేసి, చీర కోసి, మడతపెట్టి, ఆమె మంచం పక్కన పీట మీద పెట్టాను. బిడ్డను చూద్దామని కొంచెం వంగాను. అక్క కొంగు తీసి బిడ్డ ముఖం మీద కప్పింది. రెండు నెలల తర్వాత అప్పుడు నా కళ్లలోకి చూసి మాట్లాడింది. గొంతులో కోపం కూడా లేదు.

"ఈ చీర ఎన్ని దినాలల్ల అయిందో మీ అన్నకు రాసి పంపు."