ఈశాన్యానికి పెట్టిన వాటం

బందరులో మా వెనకగది పడమటి గోడే పక్కింటికి సరిహద్దు. ఏటా వానాకాలంలో ఆ గోడ అడుగున చెమ్మ ఎక్కుతుంది, సున్నం పొరలుగా రాలుతుంది. అందుకే పక్కింటి టీచరుగారు తన ఇంటికీ మా గోడకీ మధ్యనున్న మట్టి నేలంతా టైల్సు పరిపిస్తున్నారని తెలిసిన రోజు నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఇన్నాళ్ళూ ఆ మట్టి తాగిన నీళ్ళు ఇక ఎటు పోతాయి?

గుడివాడలో విలేకరిగా ఉన్న రోజుల్లో, ఎవరైనా చడీచప్పుడు లేకుండా పని కానిస్తున్నారంటే అందులో ఏదో ఉందనే అనుకునేవాణ్ణి. టీచరుగారు నాతో మాటమాత్రంగా కూడా అనలేదు. అవనిగడ్డ నుంచి వచ్చిన మేస్త్రీ రెండు రోజుల్లో కింద కాంక్రీటు వేసేశాడు. రోడ్డు కాలవ దక్షిణాన ఉంది. వెనకగది కిటికీలోంచి చూస్తే నేల మాత్రం ఉత్తరంగా, మా గోడ చివరికి వాలినట్టు కనపడింది.

కంటిని ఒక్కదాన్నే నమ్మి వార్త రాయకూడదు. ఆదివారం ఆమె చర్చికి వెళ్ళాక, కిటికీ ఊచల్లోంచి చెంబుడు నీళ్ళు వదిలాను. అవి మెల్లగా పాకి మా గోడ మూలకే చేరి నిలబడ్డాయి.

"ఏంటండీ, మా నేలకి బాప్తిస్మం ఇస్తున్నారా?"

చర్చి నుంచి తిరిగొచ్చిన టీచరుగారు చేతిలో బైబిలుతో తన గేటు దగ్గర నిలబడి ఉన్నారు. ఇక దాచడానికేముంది?

"నీళ్ళన్నీ మా గోడకే వస్తున్నాయండీ. మీరే అలా పెట్టించారా?"

"అయ్యో! రోడ్డు కాలవకి పంపమన్నానండీ నేను. రేపు మేస్త్రీ వస్తాడుగా, మీ ముందే అడుగుతాను."

ముందే ఇద్దరూ మాట్లాడుకుంటారేమోనని, సోమవారం మేస్త్రీ కంటే ముందే వెళ్ళి నిలబడ్డాను. టీచరుగారు అడిగితే అతను తల గోక్కున్నాడు.

"ఎవరింటికైనా నీళ్ళు పోయే వాటం ఈశాన్యానికే పెడతామండీ. చెయ్యి అలవాటుగా అటే పోద్ది."

"నిన్ను వాస్తు చూడమన్నానా?" అన్నారు టీచరుగారు.

"మీరు చూడకపోయినా, రేపు కొనేవాళ్ళు చూస్తారు కదండీ."

"అమ్మితే కదా కొనడానికి! ముందు నీళ్ళు రోడ్డు మీదకి పంపు."

నీళ్ళు నింపిన సన్నటి పైపుతో లెవెలు చూసుకుంటూ అతను వాటం మార్చడం మొదలుపెట్టాడు. నేను కుర్చీ తెచ్చుకుని అక్కడే కూర్చున్నాను.

"అది సరే, మీ తూర్పు వాకిలి నీళ్ళు ఎటు పోతాయండీ?" అన్నారు టీచరుగారు.

"ఈశాన్యానికి," అన్నాను తడుముకోకుండా.



మా వాకిట్లో బండలు పరిచి చాలా ఏళ్ళయింది. అవతల ఖాళీ స్థలమే కాబట్టి అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడక్కడ ఎవరో ఇల్లు కడుతున్నారు. గోడ నడుమెత్తు లేచింది.

సాయంత్రం వాకిట్లో చెంబుడు నీళ్ళు పోశాను. అవి తిన్నగా ఆ కొత్త గోడ మొదట్లోకి నడిచాయి. తలెత్తితే, చేతిలో టేపుతో ఆ ఇంటాయన నన్నూ చెంబునీ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ చూపు నాకు కొత్త కాదు. నిన్నటిదాకా నా కిటికీలోంచి నేను చూసిందే.

"ఏంటండీ అది?" అన్నాడాయన.

"ఒక్క నిమిషమండీ," అని పక్కింటి వైపు తిరిగి కేకేశాను. "మేస్త్రీ! వెళ్ళిపోకు. ఇటు కూడా పనుంది."