ఫంక్షన్ చేసినాక కూడా

బళ్ళో పిల్లలకు ఒంటి సంగతులు చెప్పాలా వద్దా అని ఆ రోజు తల్లిదండ్రుల మీటింగులో పెద్ద రభస. "పెద్దమనిషైందని మైకు పెట్టి వీధంతా చాటుతారే, అదేమిటో పిల్లకు చెప్పడానికి మాత్రం సిగ్గా?" అని అందరి నోళ్ళూ మూయించి, గెలిచిన ఊపులో జార్జి టౌన్‌లో తొండియార్‌పేట వెళ్ళే బస్సెక్కాను.

నా పక్క సీటు ఖాళీ. యూనిఫాంలో, తెలుగు వాచకం పట్టుకున్న ఓ పిల్ల మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది.

"కూచోవే, సీటేమైనా కరుస్తుందా?" అన్నాను.

"మరకైపోతుంది ఆంటీ," అంది మామూలు గొంతుతోనే. "మళ్ళా రక్తం పోతా ఉంది. పోయిన నెలే ఫంక్షన్ చేసినారు, మామ పట్టుచీర గూడా పెట్టినాడు. ఫంక్షన్ చేస్తే నిలిచిపోతుంది గదా? నాకు సరిగ్గా చేయలేదేమో. అమ్మకెట్ల చెప్పేది?"

ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు తల తిప్పారు. మీటింగులో అంత లేచిన నా గొంతు ఎటు పోయిందో! పిల్లను దగ్గరికి లాక్కుని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అది నెలనెలా వస్తుందనీ, జబ్బు కాదనీ, తప్పు అసలే కాదనీ చెవిలో గొణిగాను.

దాని మొహంలో భయం తగ్గింది. ఇంకేదో అడగబోయి ఆగింది. ఆ మగవాళ్ళ వైపు ఓసారి చూసి, అచ్చం నాలాగే నోటికి చేయి అడ్డం పెట్టుకుని, నా చెవిలో అడిగింది: "మీకు గూడా వస్తుందా ఆంటీ?"

తలూపాను. అవునన్న ఆ ఒక్క మాటా పైకి అనలేకపోయాను.