అద్దాలు అక్కర్లేదన్న మనిషి

కోదాడలో కళ్లద్దాల దుకాణం నడిపే ఆయన, ఎవరు వచ్చినా ముందు వాళ్ల కళ్లెదుట పెన్ను పట్టుకుని పైకీ కిందికీ కదిపేవాడు. అక్షరాల బోర్డు ఆ తర్వాతే. మెట్లు దిగుతూ మాటిమాటికీ పడిపోతున్న మా అన్నను ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పెన్ను కిందికి దిగింది. అన్న చూపు దిగలేదు.

"తల కదపకు పెద్దాయనా, ఉత్త కండ్లతోనే సూడు."

"సూస్తనే ఉన్న గదయ్యా."

ఆయన నా వైపు తిరిగాడు. "అద్దాలతోని అయ్యేది కాదు సార్. ఇది మెదడుది." చూసిందంతా చీటీ మీద రాసిచ్చాడు.

సూర్యాపేటలో డాక్టరు నేను చెప్పింది విన్నాడు గానీ ఆ చీటీ విప్పలేదు. "అద్దాలమ్మేటాయన నరాల రోగం చెప్తుండా?" అని నవ్వి, ముసలితనమని బలం గోలీలు రాశాడు. అన్న కళ్లు చూడటానికి అర నిమిషం చాలు. అదీ ఇవ్వలేదు. నేను తలూపి, మిర్యాలగూడలో వేరే దుకాణంలో అన్నకు కొత్త అద్దాలు చేయించాను.

ఏడాది తర్వాత హైదరాబాదులో పెద్ద డాక్టరు తన వేలు కిందికి దించి చూసి, మెదడు జబ్బేనన్నాడు. నయం కాదు గానీ, ముందే తెలిస్తే పడకుండా కాచుకునేవాళ్లమట. అప్పటికే అన్న తుంటి విరిగి మంచాన పడ్డాడు. మొన్న ఎండాకాలం పోయాడు.

కోదాడ వెళ్లి అద్దాలాయనకు అంతా చెప్పాను. ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టాడు.

"ఆ డాక్టరు సరే సార్. ఒక్కసారి కండ్లు సూడుమని మీరైనా అడగకపోతిరా?"