గొర్రెలు మళ్లిన బైపాస్

దయ్యాల కథలు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇది దయ్యం కథ కాదు. ఇందులో ఉన్న మా బాపు ఇప్పటికీ బతికే ఉన్నాడు.

దేవరకొండ దగ్గర మాది గొర్రెలు మేపే కుటుంబం. బైపాస్ పడ్డాక టౌన్‌లో యాక్సిడెంట్లు తగ్గాయని అందరూ సంబరపడ్డారు. తగ్గడం ఏమిటి, మా ఊరి ముందుకు వచ్చాయి! కొత్త రోడ్డు మా మేత దారిని రెండు ముక్కలు చేసింది. రోడ్డు కింద నుంచి దారి ఇవ్వమంటే ఎవరూ వినలేదు. యూ టర్న్ దూరమని లారీలు రాంగ్ రూట్‌లో వస్తాయి. అలాంటి లారీయే బాపును గుద్దింది. దవడ పగిలింది. నోరు కదలకుండా పళ్లకు తీగలు కట్టి హైదరాబాద్ దవాఖానలో పడుకోబెట్టారు.

మంద నా తమ్ముడు మల్లేశ్ మీద పడింది. ఒక మధ్యాహ్నం వాడికి సద్ది తీసుకెళ్లాను. వాడు అప్పుడే గొర్రెలను రోడ్డు దాటిస్తున్నాడు. బైక్ మీద ఒకాయన ఆగి దారిచ్చాడు.

ఉన్నట్టుండి నా వెనక బాపు పిలుపు వినబడింది. నాలుక మడిచి "ట్రుర్ర్... హో" అని సాగదీసే పిలుపు. మల్లేశ్‌కు ఎంత నేర్పినా రాలేదు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. గొర్రెలు మాత్రం ఒక్కసారిగా మళ్లి నా వైపు పరుగెత్తాయి.

"గిటు మర్లినయేంది గివి!" అని తిట్టుకుంటూ మల్లేశ్ కూడా వెనక్కి వచ్చేశాడు.

దారి ఖాళీ అయింది. బైకాయన ముందుకు కదిలాడు. మలుపులోంచి రాంగ్ రూట్‌లో దూసుకొచ్చిన లారీ ఆయన్ను ఎదురుగా గుద్ది, చక్రాల కింద ఈడ్చుకుంటూ పోయి డివైడర్ ఎక్కింది. మల్లేశ్ అంతకుముందు నిలబడిన చోటి నుంచి డివైడర్ దాకా నెత్తురు చార. మనిషి ఆకారం మిగల్లేదు. నేను తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చాను. వాడు బతికినందుకే ఏడ్చాను, సిగ్గు లేకుండా.

సాయంత్రం దవాఖాన నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"మీ బాపు పగటీలి నోట్ల తీగలు తెంపుకున్నడు బిడ్డా. ఒకటే నెత్తురు."

మధ్యాహ్నం నిద్రలో పళ్లు కొరికి ఉంటాడన్నారట డాక్టర్లు. నేనూ అదే అనుకోవాలని చూశాను. భయపడతాడని ప్రమాదం సంగతి ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

మళ్లీ కట్టిన తీగలను రెండు నెలలకు తీశారు. మాట వచ్చిన రోజే, నేను అడగకుండానే, బాపు నా చెయ్యి పట్టుకున్నాడు.

"బండి మీదాయన గూడ కనబడ్డడు బిడ్డా. నాకు గొర్లను పిలుసుడే ఎరుక. ఆయన్ను ఏమని పిలుద్దు?"