తెర మీద మొదటి మాట

తోబుట్టువులెవరూ లేకుండా ఒక్కడే పుట్టి, ఒక్కడిగానే యాభై దాటిన ఆ మనిషిని వీధిలో అందరూ క్లిప్పు మాస్టారంటారు. కంప్యూటర్ బోర్డు మీద వేలిగోరంత చిప్పు ఒకటి ఉంటుంది. స్విచ్ నొక్కగానే యంత్రాన్ని నిద్రలేపే ఫర్మ్‌వేర్ ఉండేది అందులోనే. మాస్టారు దాన్ని క్లిప్పుతో పట్టుకుని, కంపెనీవాళ్ళు పెట్టినదానికి రెండుసార్లు కాపీ తీసి, రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటేనే చెరిపి, ఎవరైనా తెరిచి చూసి, తమకు కావలసినట్టు మార్చుకోగల ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తాడు. ఎక్కినంతసేపూ ఊపిరి బిగబట్టి, కరెంటు పోతుందేమోనని బల్బు వంకే చూస్తుంటాడు. పని అయ్యాక "లేచిందండీ" అంటాడు, పసిపిల్ల సంగతి చెప్పినట్టు.

నిన్న మధ్యాహ్నం ట్యూషన్ టీచరమ్మ తన లాప్‌టాప్ తిరిగి తెచ్చింది.

"ఇదేంటండీ మాస్టారూ, ఆన్ చేయగానే 'వచ్చావా? ఏమన్నా తిన్నావా?' అని వస్తోంది!"

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. ప్రతిదీ రెండుసార్లు సరిచూసుకునే మనిషి, మోడల్ ఒకటే కావడంతో, తన లాప్‌టాప్ కోసం చేసుకున్న ఫర్మ్‌వేర్ ఫైలును ఆవిడ దాంట్లో ఎక్కించేశాడు.

"పొరపాటైందండీ. అది నాది."

"మీవాళ్ళెవరో మీకోసం రాసినట్టున్నారే?"

మాస్టారు చేతిలోని క్లిప్పు నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

"మా అక్కండీ."

"అదృష్టవంతులు. నా దాంట్లో తీసేయండి గానీ, మీ దాంట్లో మాత్రం చెరపకండి. పాపం, ఆవిడ నొచ్చుకుంటుంది."

"చెరపనండీ" అంటూ ఆయన చిప్పు మీదికి వంగాడు.