ఎక్కడ దిగినవ్?

నాకు చదువు మూడో తరగతి దాకానే అబ్బింది. పంతులు కూర్చోమంటే లేచేవాణ్ని, లేవమనేసరికి ఎటో పోయి ఉండేవాణ్ని. చూసి చూసి నాయన నన్ను మగ్గం గుంటలో దింపాడు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నన్నెవరో నాటినట్టుండేది. నీళ్లు పోస్తే చిగురిస్తానేమో చూడమని అమ్మతో అనేవాణ్ని.

మేం నేసేవి తేలియా రుమాళ్లు. నూలును నూనెలో నానబెట్టి నేస్తాం గనుక ఎన్నిసార్లు ఉతికినా వాసన పోదు. నవాబుల దేవిడీల్లో బేగములు ఆ రుమాళ్లను దుపట్టాలుగా కప్పుకునేవారు. వానకాలమంతా నేసినవి నాయనే పంజాగుట్ట దేవిడీకి మోసుకుపోయేవాడు. యుద్ధానికి ముందు ఒక ఏడు ఆయనకు మోకాలు పట్టేసింది. నేను పోతానని ఎగిరాను. నాయన మూట నా భుజానికెత్తాడు.

"మూట తిరిగొచ్చిందంటే నువ్వు సుత గుంతలకు తిరిగొచ్చినట్టే. మళ్ల ఊరు దాటుడు లేదు."

అమీర్‌పేటలో ఖాలా ఇంట్లోనే దిగమని కూడా చెప్పాడు. ఖాలా అంటే తన ముందరి గదిని బాటసారులకిచ్చే ముసలావిడ. నాయన ఏళ్లుగా అక్కడే దిగేవాడు. ఎటు పోయావు, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు అని ఆవిడ అడుగుతూనే ఉంటుంది. దీపం పెట్టగానే గొళ్లెం వేస్తుంది. విన్నవన్నీ నాయనకు అప్పజెబుతుంది. గుంటలోంచి తప్పించుకుని గొళ్లెం కిందికి పోతానా?

నాంపల్లి స్టేషను దగ్గర లాడ్జిలో దిగాను. ఒకే షావుకారుకు వరంగల్లులో, సికిందరాబాదులో, ఇక్కడ మూడు లాడ్జీలుండేవి. మూడింటికీ అదే పేరు, అదే ఆకుపచ్చ తలుపు, తలుపుకు కుడిపక్కన అదే కుండ. వరంగల్లులో ఒకసారి పడుకున్నవాణ్ని గనుక ఇక్కడ కళ్లు మూసుకునే నీళ్లు ముంచుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు. గుమాస్తా మాత్రం వాసనకు ముక్కు మూసుకుని మూటను వెనక రేకుల కొట్టంలో పెట్టించాడు.

పొద్దున్నే దేవిడీకి పోయాను. అక్కడ బేగములు పరదా దాటి రారు. మూటే లోపలికి పోయి మూడు రోజులుంటుంది. ఆడవాళ్లు తీరిగ్గా ఏరుకుని, మన బసకు మనిషితో కబురంపుతారు. మూటకోసం వచ్చిన ముసలి దాసీతో ఫలానా ఆయన కొడుకునని చెప్పాను.

"ఎక్కడ దిగినవ్?" అంది.

గొప్పగా లాడ్జి పేరు చెప్పాను. ఆమె లోపలికి పోయి, ఉత్త చేతులతో తిరిగొచ్చి, మూట నావైపు జరిపింది.

"దినానికొక మనిషి మారే గదిల నిన్నెవరు గుర్తువడ్తరు? బట్టల తేడా వస్తే ఎవర్నడగాలె? ఆయన కొడుకువైతే ఖాలా ఇంట్ల దిగకపోతుంటివా?"

మూట తిరిగొచ్చింది. ఇంకా ఊరి దాకా రాలేదు, అంతే తేడా.

లాడ్జి గది వదిలేసి అమీర్‌పేటకు నడిచాను. ఖాలా ముందు వాసన పట్టి, తర్వాత నా మొహం చూసింది. నేను నాంపల్లిలో దిగిన సంగతి, స్టేషను దగ్గర మూట వాసన గుర్తుపట్టిన పక్కింటి టాంగా ఆయన నిన్ననే చెప్పాడట.

"తొవ్వ తప్పినవా బేటా, నేను సచ్చిపోయిననుకున్నవా?"

తొవ్వే తప్పానన్నాను. మీ నాయన సుత మొదటిసారి గిట్లనే తప్పిండని నవ్వి, బురఖా వేసుకుని, మూట తీసుకుని తనే దేవిడీకి పోయింది. తిరిగొచ్చాక షరతు చెప్పింది. దేవిడీ మనిషి ఎప్పుడైనా రావచ్చు, వచ్చినప్పుడు నేను అరుగు మీద కనపడాలి. లేకుంటే మూట వెనక్కి.

మగ్గం లేని గుంటలో మూడు రోజులు కూర్చున్నాను. నా కాలు దానంతటదే తొక్కుడుకర్ర తొక్కేది. యూసుఫ్‌గూడ వైపు పోయే ప్రతి ఎడ్లబండి గంటలు మోగిస్తూ నన్నే పిలిచినట్టుండేది. మూడో రోజు మధ్యాహ్నం ఇక ఆగలేక ఒక కాలు కింద పెట్టాను.

"కూసో," అంది ఖాలా లోపల్నుంచి, చూడకుండానే.

ఆ కాలు పైకి లాక్కుంటుండగానే సందు మొదట్లో దేవిడీ మనిషి కనపడ్డాడు. పది రుమాళ్లు ఉంచుకున్నారు, రెండింటి ఎరుపు ముదిరిందని తిప్పి పంపారు. ఆ రెంటినీ మూటగట్టి తీసుకుపోతే మూట తిరిగొచ్చినట్టే. ఊళ్లోకి అడుగుపెట్టే ముందు ఒకటి తలకు చుట్టాను, ఇంకోటి భుజాన వేసుకున్నాను.

నాయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూశాడు. మూటేదన్నాడు. లేదన్నాను, చేతులు రెండూ చూపించాను. ఆయన దగ్గరికొచ్చి నా తలపాగా వాసన చూసి, మీసంలో ఏదో దాచుకున్నాడు.

"ఎక్కడ దిగినవ్?"

"నువ్వు మొదటిసారి ఎక్కడ దిగినవ్ నాయనా?"

ఆయన కాసేపు మోకాలు రుద్దుకున్నాడు. తర్వాత గుంటలోకి తనే దిగాడు.